చేతులెత్తినోడు

మా అన్న అసలు పేరు ఊళ్ళో సగం మందికి తెలియదు. రేషన్ కార్డులో ఉంది, ఓటర్ల లిస్టులో ఉంది, చర్చి రిజిస్టర్లో ఉంది. ఊళ్ళో మాత్రం ఆయన 'చేతులెత్తినోడు'. పెద్దబజారు వాళ్ళు పెట్టిన పేరది. మొదట ఎగతాళికి పెట్టారు. తర్వాత ఎందుకు పెట్టారో మర్చిపోయి అలవాటుగా పిలిచారు. ఇప్పుడు మిరపకాయల లారీ దగ్గర ముఠామేస్త్రి కూడా అట్టాగే కేకేస్తాడు. కొత్తగా వచ్చిన హమాలీ కుర్రాళ్ళు, ఈయనెవరికో అప్పు ఎగ్గొట్టాడేమో అనుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు, ఆ మాటకి మనకున్న అర్థం అదే గదా. దివాలా తీసినోడు చేతులెత్తేస్తాడు. ఓడిపోయినోడు చేతులెత్తేస్తాడు. కామందు ఎదురైతే పాలేరు చేతులెత్తి దండం పెడతాడు. గెలిచి చేతులెత్తడమనేది మా పల్లెలో మాటల్లో కూడా లేదు.

మా ఊరు చిలకలూరిపేటకు ఏడు మైళ్ళు. అప్పుడు గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. జిల్లా పేరు మారింది గానీ నేల అదే. నల్లరేగడి. వానొస్తే కాలికి చెప్పు ఉండనివ్వదు, ఎండితే పాదం ఇరుక్కునేంత నెర్రెలు ఇస్తుంది. పత్తి, మిరప, కొంత పొగాకు. భూములు వాళ్ళవి, చేతులు మావి. మా నాయన పదేళ్ళ వయసు నుంచి ఒక ఆసామి దగ్గర పాలేరు. మా అమ్మ కార్తీకం నుంచి పత్తితీతకు, సంక్రాంతి దాటాక మిరపకోతకు పోయేది. మిరపకోతల కాలంలో రాత్రిపూట చేతులు నీళ్ళబేసిన్లో పెట్టుకుని కూచునేది. ఆ మంట నీళ్ళకు పోదు. మజ్జిగ పోసుకుంటే తగ్గుతుందని చెప్పేవాళ్ళు, మజ్జిగ మా ఇంట్లో ఎక్కడిది? ఆ మూడు నెలలూ చెల్లెలి మొహం కడగాలన్నా, కంట్లో నలక తియ్యాలన్నా మా నాయనమ్మే. అమ్మ మమ్మల్ని ముట్టుకునేది కాదు.

అన్న నాకంటే ఐదేళ్ళు పెద్ద. పేటలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి హైస్కూలు చదివాడు. పరుగు ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఆసామి గేదెలు పక్కవాళ్ళ పత్తిచేలో పడితే మా నాయనకి తిట్లు. అందుకని గేదె గట్టు దాటకముందే మనిషి గట్టు మీదుండాలి. అదే మా అన్నకి మొదటి కోచింగు. హాస్టల్లో చేరాక తెల్లవారుజామున హైవే అంచున పరిగెత్తేవాడు. అప్పుడది 5వ నెంబరు రోడ్డు, ఇప్పుడు 16. మద్రాసు పోయే లారీ ఎదురొస్తే లైట్ల వెలుగులో దిగి మట్టిలో పరిగెత్తడం, లారీ పోయాక మళ్ళీ తారెక్కడం. కాళ్ళకి ఏమీ లేవు.

ఆ స్కూల్లో ఒక డ్రిల్లు మాస్టారుండేవాడు. పెద్దకులంవాడే. కానీ మనిషి మంచివాడు, ఆ మాట రాయకపోతే నాకు నిద్రపట్టదు. చేతిలో గడియారం పట్టుకుని మా అన్నని చుట్లు తిప్పేవాడు. ఒకరోజు పల్లెకొచ్చి, మా ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడి, మా నాయనకి వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాడు. ఈ పోటీల్లో మొదటొస్తే జిల్లాకి, జిల్లాలో గెలిస్తే రాష్ట్రానికి, అక్కడ ఆడితే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టుంటే పోలీసో మిలటరీయో రైల్వేయో. నాలుగు వేళ్ళు. ఆ నాలుగు వేళ్ళ లెక్క వారం తిరక్కుండా పల్లెంతా బట్టీపట్టింది. మా పెద్దమ్మ అయితే అన్నని 'రైలోడు' అని పిలవడం మొదలుపెట్టింది.

1999 నవంబరు. పేటలో స్కూళ్ళమధ్య పోటీలు. 800 మీటర్ల పందెం. మొదటొచ్చినవాణ్ణి ఒక్కణ్ణే జిల్లాకి పంపుతామని ముందే చెప్పారు. అమ్మ ఆ రోజు పత్తితీత మానేసింది. పల్లెనుంచి పదిమందిదాకా వచ్చారు. అందరూ ఆ రోజు కూలి వదులుకున్నవాళ్ళే. గ్రౌండుకి ఒక పక్క షామియానా, కుర్చీలు, మైకు. ఎదురుగా రెండో పక్క గోడవారన మేము. గీత మా రెండు పక్షాలకీ మధ్యలో సున్నంతో గీసి ఉంది. దానిమీద ఇద్దరు పిల్లలు దారం పట్టుకుని నిలబడ్డారు. నేనప్పుడు ఆరో తరగతి.

మొదటి చుట్టంతా అన్న నాలుగో వాడుగా ఉన్నాడు. మా పెద్దమ్మ తిట్టడం మొదలుపెట్టింది, "ఏందిరా సచ్చినోడా, కూడు తిన్లేదా" అని. రెండో చుట్టు సగంలో కదిలాడు. గేదె గట్టు దాటబోయేటప్పుడు కదిలే కదలిక అది, నాకు తెలుసు. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు. చివరి మలుపు తిరిగేసరికి ఆయన ముందు ఎవరూ లేరు. వెనకవాడికి ఐదారు అడుగుల తేడా. 800 మీటర్ల చివర్లో ఐదారు అడుగులంటే గెలిచినట్టే. షామియానాలో కూడా అప్పటికే వేరే మాటల్లో పడ్డారు.

గీత పదడుగుల్లో ఉందనగా అన్న తల మావైపు తిప్పాడు. అమ్మని చూశాడు. రెండు చేతులూ పైకెత్తాడు.

అంతటితో ఆగినా దక్కేదేమో. ఒక చెయ్యి దించి తొడమీద చరిచాడు. ఆ చప్పుడు నాకు వినపడింది. అది తొడలు కొట్టే కాలం. ఆ ఏడాది సంక్రాంతికే 'సమరసింహారెడ్డి' వచ్చింది, పేటలో ఏ సందులో చూసినా దాని పోస్టర్లే. పేరులోనే కులం తోక ఉన్న హీరో తెరమీద తొడగొడితే నేల టికెట్టులో ఈలలేసింది మావాళ్ళే. ఆ తొడ వేరే, మన తొడ వేరే అని ఆ హాల్లో ఎవరు చెప్తారు?

చేతులెత్తితే ఒళ్ళు నిటారైపోతుంది. ఒళ్ళు నిటారైతే అడుగు చిన్నదైపోతుంది. తొడగొట్టాలంటే ఆ అడుగు కూడా ఆగాలి. వెనక వస్తున్న పిల్లాడు తల వంచి, కళ్ళు మూసుకున్నాడో ఏమో, రొమ్ము ముందుకు విసిరాడు. దారం ఆ పిల్లాడి రొమ్మున పడింది. వాడు పేటలో ఏదో కాన్వెంటు పిల్లాడు. వాడి తప్పు ఏమీ లేదు. వాడు గీత దాకా పరిగెత్తాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈమధ్య మన మీటింగుల్లో నేనీ సంగతి చెబితే, మన కుర్రాళ్ళు ఆవేశంగా లేచి, "కులం చూసి ఓడించారు సార్" అంటారు. లేదు. మా అన్న కులం వల్ల ఓడలేదు. గీతకి ముందు ఆగాడు, ఓడాడు. దారం పట్టుకున్న పిల్లలు, ఈల ఊదిన మాస్టారు అందరూ న్యాయంగానే ఉన్నారు. ఓడిన తర్వాత జరిగిందే కులం.

షామియానాలోంచి ఒక పెద్దమనిషి, మైకు పక్కనే ఉందన్న ధ్యాస లేకుండానో ఉండేనో, "గెలవకముందే ఇంత పొగరు, గెలిస్తే ఊళ్ళు నిలవనిస్తారా ఈళ్ళు?" అన్నాడు. కుర్చీలన్నీ నవ్వాయి. ఆ కాన్వెంటు పిల్లాడే చేతులెత్తి ఓడిపోయుంటే ఏమనేవాళ్ళు? పాపం, తొందరపడ్డాడు అనేవాళ్ళు. చిన్నతనం అనేవాళ్ళు. 'ఈళ్ళు' అని మాత్రం అనరు. ఒక పదహారేళ్ళ పిల్లాడు వేసిన తప్పటడుగు వాడొక్కడిదే అవుతుంది. మా అన్నది మాత్రం మా పల్లె మొత్తానిది అయిపోయింది, మా తాతలదాకా పోయింది.

మా అమ్మకి ఇవేవీ తెలియవు. కొడుకు చేతులెత్తడం చూసింది. గెలిచాడనుకుంది. కొంగున కట్టుకున్న చిల్లరతో అక్కడే జీళ్ళు కొని పల్లెవాళ్ళకి పంచేసింది. నేను వద్దని కొంగు లాగుతున్నా వినలేదు. తిరిగొచ్చేటప్పుడు గడియార స్తంభం దగ్గర ఎవరో చెప్పారు. నమ్మలేదు. "చేతులెత్తినోడు గెలవకపోవడమేందిరా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆ మాట పక్కనున్న పెద్దబజారు కుర్రాళ్ళ చెవిన పడింది. పేరు అట్టా పుట్టింది. మా అమ్మ నోటి మాటే.

ఆ రాత్రి మా నాయన పందెం సంగతి ఏమీ అడగలేదు. ఎందుకు ఓడావనలేదు. కంచం ముందు కూచుని, అన్నం కలపకుండా, "తొడ ఎవరివైపు తిరిగి కొట్టావురా?" అని అడిగాడు.

"మనోళ్ళవైపే నాయనా."

"షామియానా వైపు కాదుగా?"

"కాదు."

"ఎవరన్నా చూసినోళ్ళున్నారా, మనవైపే కొట్టావని చెప్పడానికి?"

నేను చెప్పాను, నేను చూశానని. పెద్దమ్మ చెప్పింది. అప్పుడు అన్నం కలుపుకున్నాడు. మర్నాడు తెల్లారి గొడ్లచావిడి దగ్గర ఆసామి అడిగింది కూడా సరిగ్గా ఆ ప్రశ్నేనట.

చదివే మీకు ఇది పిచ్చి భయంలా కనపడొచ్చు. పర్చూరు మీదుగా పోతే మాకు కారంచేడు ఏమంత దూరం కాదు. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన తగువులో మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు. చుండూరు ఇటు తెనాలి వైపు. అక్కడ సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికారు. ఇవి మా నాయన పేపర్లో చదివినవి కావు. ఆయనకి చదువు రాదు. కూలికి వచ్చిపోయే బంధువుల నోటినుంచి విన్నవి. చెయ్యి ఎత్తితే ఏమవుతుందో, కాలు చాపితే ఏమవుతుందో కొలతలు తెలిసిన మనిషి ఆయన. కొడుకు ఓడిపోవడం ఆయన లెక్కలో చిన్న నష్టం.

అన్న పది పాసయ్యాడు. డ్రిల్లు మాస్టారు ఆ ఎండాకాలమే బదిలీ మీద పోయాడు. హాస్టలు అయిపోయింది, గ్రౌండు అయిపోయింది. పచ్చపురుగు పత్తిని నాశనం చేస్తున్న రోజులవి, బీటీ విత్తనాలు 2002లో గానీ రాలేదు. వారానికి రెండుసార్లు మందు. వీపున ట్యాంకు తగిలించుకుని సాలు పొడవునా నడవడం అన్న పనైంది. పరిగెత్తే కాళ్ళు కొలిచినట్టు అడుగులేశాయి. ఒకసారి మధ్యాహ్నం ఎండలో మందు ఎక్కి చేలోనే పడిపోతే మంచంమీద మోసుకొచ్చాం. ఆ తర్వాత గుంటూరు మిర్చి యార్డుకి హమాలీగా పోయాడు. నా బి.ఏ., బి.ఇడి. ఖర్చంతా ఆ టిక్కీలు మోసిన భుజమే. డీఎస్సీ 2012లో నాకు ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ అన్న మాట మొదట వచ్చింది నా పేరు వెనకే. సర్టిఫికెట్టు చూపిస్తే అన్న దాన్ని తిప్పి చూసి, "వెనకేం రాయలేదే" అన్నాడు.

ఈమధ్య మా తొమ్మిదో తరగతి పిల్లలు ఫోన్లో ఒక వీడియో చూపించారు. 2023 అక్టోబర్ 2, చైనాలో హాంగ్‌జౌ ఆసియా క్రీడలు. చక్రాల బూట్ల మీద 3000 మీటర్ల రిలే. దక్షిణ కొరియా జట్టు చివరి మనిషి జంగ్ చోల్-వన్ ముందున్నాడు. గీత ముందు నిటారుగా లేచి రెండు చేతులూ ఎత్తాడు. పక్కనే వంగి వస్తున్న తైవాన్ కుర్రాడు హువాంగ్ యు-లిన్ కాలు ముందుకు చాపాడు. ఆ పందెంలో బూటు చక్రం ముందు గీత దాటితే లెక్క. తైవాన్ 4 నిమిషాల 5.692 సెకన్లు, కొరియా 4 నిమిషాల 5.702 సెకన్లు. సెకనులో నూరో వంతు. కొరియావాళ్ళు జెండా పట్టుకుని తిరుగుతుండగా బోర్డు మీద అంకెలు మారాయి. అక్కడి కుర్రాళ్ళు నిర్బంధంగా మిలటరీలో చెయ్యాలి. ఆసియా క్రీడల బంగారు పతకం వస్తే దానికి మినహాయింపు ఉంది, వెండికి లేదు. అంటే వాడు పోగొట్టుకున్నదీ చిన్నదేం కాదు. కంచు మన ఇండియా జట్టుకి వచ్చింది. అది వీడియో చూపించిన పిల్లలకే తెలియదు.

దాన్ని అన్నకి చూపించాను. ఆదివారం, మా ఇంటి వసారాలో. మూడుసార్లు చూశాడు. నాలుగోసారి ఆపి, ఆ చేతులెత్తిన దగ్గర వేలుపెట్టి నిలిపాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"వీడి నాయన్ని ఎవరైనా అడిగుంటారంటావా, ఎవరివైపు తిరిగి ఎత్తాడని?"

"అడిగుండరు."

"మరి ఏమన్నారు?"

తన జట్టు వాళ్ళకి, చూసినవాళ్ళకి క్షమాపణ చెప్పాడన్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాను. ఆ గెలిచిన తైవాన్ కుర్రాడున్నాడే, అదే అక్టోబరులో వాళ్ళ దేశంలో జరిగిన 1000 మీటర్ల పందెంలో వాడూ ముందే చేతులెత్తి, సెకనులో మూడు నూరో వంతుల తేడాతో ఓడిపోయాడు. అన్న పగలబడి నవ్వాడు. ఆయన అంతగా నవ్వడం నేను చూసి చాలాకాలమైంది. "మరి వాడికేం పేరు పెట్టారంట?" అన్నాడు.

నేను సోషల్ చెప్తాను. అమెరికా నల్లవాళ్ళ పోరాటం వచ్చినప్పుడల్లా టామీ స్మిత్ గురించి చెప్పకుండా ఉండలేను. 1968 అక్టోబర్ 16, మెక్సికో ఒలింపిక్స్, 200 మీటర్లు. పోడియం మీద నల్ల తొడుగు వేసుకుని పిడికిలి ఎత్తిన ఫోటో మన ఉద్యమాల్లో తిరిగినవాళ్ళు చాలామంది చూసే ఉంటారు. ఆ పిడికిలికి ముందు జరిగింది చాలామంది గమనించరు. గీత ఇంకా కొన్ని గజాలుండగానే ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు. ఎత్తిన చేతులతోనే 19.83 సెకన్లలో దాటాడు. ప్రపంచ రికార్డు. ఆయన టెక్సాస్‌లో పుట్టినవాడు, చిన్నతనంలో ఇంటిల్లిపాదితో పత్తిచేలల్లో పనిచేసినవాడు. పత్తి ఏరిన చేతులు అవి. గీతకి ముందు ఎత్తిన చేతులకు రికార్డు ఇచ్చారు. గీత దాటాక, మెడల్ మెళ్ళో పడ్డాక ఎత్తిన పిడికిలికి మాత్రం జట్టులోంచి గెంటేశారు. నేనీ సంగతి చెబితే మా పిల్లలు ఎప్పుడూ రెండోదాని గురించే అడుగుతారు. నాకు మొదటిదాని మీదే ధ్యాస. ఆ పదిగజాల దూరంలో ఆ చేతులు ఎందుకు లేచాయో నాకు తెలుసుననిపిస్తుంది.

మా స్టాఫ్ రూములో ఒక సీనియర్ మాస్టారు ఉన్నారు. పిల్లలకు ఆటలు నేర్పేముందు అణకువ నేర్పాలంటారు. 'మన పిల్లలకి' అని ఆయన అన్నప్పుడు ఏ పిల్లలో నాకు తెలుసు. అణకువ మా పిల్లలకి ఇంటినుంచే తెచ్చుకున్న సరుకు. తల దించుకుని పో, ఎదురు చెప్పకు, పక్కకి జరుగు. అమ్మలు, నాయనలు ప్రాణభయంతో నేర్పిన పాఠం అది. ఇంకా నేనెందుకు నేర్పాలి? నేర్పాల్సింది గీత ఎక్కడుందో.

అందుకని సాయంత్రాలు మా వ్యాయామ ఉపాధ్యాయుడితో కలిసి గ్రౌండులో ఉంటున్నాను. ఆయన కుర్రవాడు, నిబంధనలన్నీ తెలుసు. పరుగులో తల దాటినా లెక్కలేదు, చెయ్యి దాటినా లెక్కలేదు, కాలు దాటినా లెక్కలేదు. మొండెం దాటాలి. పి.టి. ఉష 1984 లాస్ ఏంజిల్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ 55.42 సెకన్లలో పరిగెత్తింది. మూడో స్థానం 55.41. ఆమె చేతులెత్తలేదు, ఎవర్నీ చూడలేదు, అయినా ఆ నూరోవంతు పోయింది. ఇవి చెప్పి, మేం గ్రౌండులో రెండు గీతలు గీస్తున్నాం. మొదటిది అసలు గీత. దానికి ఐదు మీటర్ల అవతల ఇంకోటి. పిల్లలంతా రెండో గీత దాకా ఆగకుండా పరిగెత్తాలి. మొదటి గీత దగ్గర రొమ్ము వంచాలి. సున్నం దొరక్క ముగ్గుపిండితో గీస్తాం, పొద్దున్నే కోళ్ళు చెరిపేస్తాయి, మళ్ళీ గీస్తాం.

తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉంది, పల్లె పిల్లే, వాళ్ళమ్మ మిరపకోతకి పోతుంది. 800 మీటర్లే ఆమె పందెం కూడా. మొదటి వారం ఎన్ని చెప్పినా మొదటి గీత దగ్గరే ఆగిపోయేది, వెనక్కి తిరిగి చూసుకునేది. ఇప్పుడు ఆగడం లేదు. మొన్న రొప్పుతూ వచ్చి, "రెండో గీత దాటాక తొడ కొట్టుకోవచ్చా సార్?" అని అడిగింది. మిగతా పిల్లలు నవ్వారు. "కొట్టుకోవచ్చమ్మా" అన్నాను. వ్యాయామ ఉపాధ్యాయుడు నావైపు చూశాడు గానీ ఏమీ అనలేదు.

మండల పోటీలు వచ్చే వారం. ఆమెకి బూట్లు లేవని ఫోన్లో చెబితే అన్న గుంటూరు నుంచి ఒక జత పంపించాడు. కొత్తవి కావు, కానీ అడుగు గట్టిగా ఉంది. ఒక సైజు పెద్దవి. ముందు వేళ్ళ దగ్గర ఇంత పత్తి కుక్కి వేసుకుంటోంది.